వెచ్చని గోడ

మధ్యాహ్నం డబ్బాలు కడిగి పక్కన పెట్టాక చొక్కాల కార్ఖానా ఇస్త్రీ గదిలో ఏడుగురు ఎప్పట్లాగే ఆ గోడకు వీపులు ఆనించి కూర్చున్నారు. పొద్దుట్నుంచీ వంగి పట్టేసిన నడుములకు ఆ గోడ వెచ్చదనం మందులా పనిచేస్తుంది. అందరికీ చోటు చాలదు. మోకాళ్లు ముడుచుకుని, భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ సర్దుకోవాలి.

"జరగవే పిచ్చుకా. అరచెయ్యంత మనిషివి, నీకెంత గోడ కావాలి?"

"సన్నంగా ఉన్నవాళ్లకే చలెక్కువ. నీకేం, లోపలే దుప్పటి కప్పుకుని పుట్టావు."

అందరూ నవ్వారు. ఎనిమిదో మనిషి నవ్వలేదు, కూర్చోనూ లేదు. ఆమెను గాబరక్క అంటారు. ఆ పేరు పెట్టి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. చొక్కా మీద పరిచి ఇస్త్రీ చేసే తడిగుడ్డలన్నీ పిండి, గోడ మీద తను కట్టిన ప్లాస్టిక్ తాడుకు వరసగా ఆరేస్తోంది. పోయిన చలికాలంలో ఆ తాడు కట్టింది ఆమే. బయట గంటసేపు ఆరే గుడ్డ ఇక్కడ పది నిమిషాల్లో ఆరుతుంది. ఆమె చేసిన పనుల్లో అందరూ మెచ్చుకున్నది అదొక్కటే.

మిగతావన్నీ వాళ్లకు వేళాకోళమే. రోజూ పొద్దున పెట్టెలన్నీ వేడికి పెట్టాక వరండాలోకి వెళ్లి, పెద్ద కరెంటు బోర్డు అద్దాల వెనక ముళ్లు ఎక్కడున్నాయో చూస్తే గాని ఆమె పని మొదలెట్టదు. వచ్చాక గది చివర లేబుళ్ల యంత్రం పక్కనున్న స్టెబిలైజరు ముల్లు కూడా చూస్తుంది. ఆ అంకెలకు అర్థం ఆమెకు తెలియదు. నిన్నటి చోటే ఉంటే ప్రాణం కుదుటపడేది, అంతే.

"ముల్లు ఏమంటోందక్కా? ఇవాళ ఉంటామా, పోతామా?" అని పిచ్చుక రోజూ అడిగేది.

"నోరు ముయ్యి. అలాంటి మాటలు పనిచోట అనకూడదు."

గంట కొట్టారు. ఎనిమిది ఇస్త్రీ పెట్టెలకూ ఒక్కసారే స్విచ్చు వేశారు. వేడెక్కితే ఆరిపోవాల్సిన ఎర్రదీపం ఏ పెట్టెకూ ఆరట్లేదు. నెలల నుంచీ అంతే. పెట్టె సరిగా వేడెక్కదు, ముడత పోదు, ఒకే చొక్కా మీద మూడుసార్లు తోయాలి. మేనేజరు గుమ్మంలో నిలబడి, "మాటల్లో ఉన్న వేడి పెట్టెల్లో లేదేంటమ్మా?" అని వెళ్లాడు. చొక్కాల లెక్క తగ్గినప్పుడల్లా అదే మాట.

గాబరక్క ఆఖరి గుడ్డ ఆరేస్తూ ముక్కు ఎగబీల్చింది.

"ఏదో కమురు వాసన."

"నీ ముక్కుకి రోజూ వస్తుంది."

"కాదే, నిజంగా..."

పిచ్చుక బల్ల పైనున్న సాకెట్టు బోర్డు చిటపటలాడింది. నూనెలో నీటిచుక్క పడ్డ చప్పుడు. నల్లగా పొగ, దాని వెనకే మంట. ఎండిన గుడ్డలు ఒకదాని వెంట ఒకటి, ఎవరో వరసగా అంటించుకుంటూ పోతున్నట్టు అంటుకున్నాయి. గాబరక్క ఎన్నో ఏళ్లుగా కళ్లముందు ఊహించుకున్న మంట అది. వచ్చేసరికి ఆమె కాళ్లు కదల్లేదు. కదిలింది పిచ్చుక. ఎగిరి తాడు పట్టుకుని లాగేసింది. లాగకపోతే గుడ్డలు కింద మడతపెట్టిన చొక్కాల కట్టల మీద పడేవి. సగం పడనే పడ్డాయి. కరిగిన తాడు ఆమె కుడిచేతి వేళ్లకు అతుక్కుపోయింది.

టేపు బాబాయ్ పరుగున వచ్చి మెయిన్ దించాడు. చిన్నాచితకా మరమ్మతులు చేసే మనిషి, ఏది చెడినా టేపు చుడతాడని ఆ పేరు. ఇసుక బకెట్లు గుమ్మరించారు. పిచ్చుక చెయ్యి పైకెత్తి పట్టుకుని ఏడవకుండా నిలబడింది.

మేనేజరు వచ్చి కాలిన కట్టలవంక చూశాడు. తర్వాత అడిగిన మొదటి మాట, "పెట్టె గుడ్డమీద వదిలేసింది ఎవరు?"

మర్నాడు పొద్దున్న గదిలో సున్నం వాసన. గోడ మీద నలుపు కనపడకుండా తెల్లగా కొట్టారు. కొత్త సాకెట్టు బిగించారు, దాని చుట్టూ నిగనిగలాడే కొత్త టేపు. పిచ్చుక బల్ల దగ్గర మడతల గదిలోంచి తెచ్చిన అమ్మాయి నిలబడింది. మళ్లీ ఎనిమిది పెట్టెలు.

గాబరక్క వరండా బోర్డు చూసే వచ్చింది. ఒక ముల్లు రెండు వందల ముప్పై దగ్గర, ఇంకోటి ముప్పై మూడు దగ్గర. గది చివర స్టెబిలైజరు ముల్లు నూట తొంభై ఎనిమిది. అన్నీ నిన్నటి చోటే ఉన్నాయి. ఈసారి ప్రాణం కుదుటపడలేదు. నిన్న పొద్దున్న కూడా అక్కడే ఉన్నాయి కదా.

గంట తర్వాత అరచెయ్యి గోడకు ఆనించింది. వెచ్చగానే ఉంది.

పదకొండు గంటలకు గుమాస్తా కాగితం పట్టుకుని బల్ల బల్లకూ తిరిగాడు. ఫలానా కార్మికురాలు ఇస్త్రీ పెట్టెను గుడ్డమీద వదిలి నిర్లక్ష్యంగా ప్రవర్తించడం వల్ల మంట లేచిందని, తామంతా చూశామని అందులో ఉంది. ఆరుగురు సంతకాలు పెట్టారు. పెట్టేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను బాబూ," అంది గాబరక్క. కళ్లజోడు జాకెట్లోనే ఉంది. దాని కాడ గుచ్చుకుంటోంది కూడా.

గుమాస్తా వెళ్లి చెప్పినట్టున్నాడు, మేనేజరే వచ్చాడు.

"చదవడమెందుకమ్మా, అందరూ పెట్టారుగా. రేపు పదకొండింటికి తనిఖీ ఆఫీసు నుంచి వస్తారు. ఆలోగా పెట్టెయ్. మీ అమ్మాయి కరెంటు పని నేర్చుకుంటోంది కదూ? పరీక్షలయ్యాక ఏడాది ఇక్కడే పని నేర్పమని అడిగావు. నాకు గుర్తుందిలే."

గుర్తుందిలే అన్న మాట ఎంత మెత్తగా అన్నాడో అంత లోతుగా దిగింది.

"మరి పిచ్చుక వైద్యం అయ్యా?"

"తప్పు కార్ఖానాది అయితే మేం పెట్టుకుంటాం. ఆవిడ తప్పుకి మేమెలా పెట్టుకుంటాం, నువ్వే చెప్పు."

సాయంత్రం ఆస్పత్రికి వెళ్లింది. పిచ్చుక చేతికి మోచేతిదాకా కట్టు. ఎడంచేత్తో చెంచా పట్టుకుని గంజి తాగుతోంది, సగం గడ్డం మీద పడుతోంది. గాబరక్క చెంచా లాక్కుని తనే తాగించింది. రెండు వేళ్లు దక్కుతాయో లేదో డాక్టరు ఇంకా ఏమీ చెప్పలేదట. చర్మం వేయాలంటున్నాడట.

"అక్కా, నేను పెట్టె నిలబెట్టే ఉంచాను. బాగా గుర్తుంది." చెంచా రెండోసారి వచ్చేలోగా గొంతు మారింది. "గుర్తుందనే అనుకుంటున్నా. వచ్చినవాళ్లంతా వదిలేశావా, వదిలేశావా అని అడుగుతుంటే నాకే అనుమానం పుడుతోంది. నువ్వు పక్కనే ఉన్నావుగా. చూశావు కదా?"

గాబరక్క చూడలేదు. అప్పుడామె వీపు పిచ్చుక వైపు ఉంది, చేతులు తాడు మీద ఉన్నాయి.

"ముందు ఇది తాగు. చల్లారిపోతోంది," అంది.

ఇంటికొచ్చేసరికి కూతురు నేలమీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. శిక్షణ బడిలో రెండో ఏడు. ఇరవై మంది మగపిల్లల్లో ఒక్కతే ఆడపిల్ల. కరెంటు పని వద్దే తల్లీ, కుట్టుపని నేర్చుకోవే అని మూడు నెలలు ఏడ్చింది గాబరక్క. ఇప్పటికీ పిల్ల ఇంటికి రాగానే ముందు వేళ్లు లెక్కపెట్టుకున్నట్టు చూస్తుంది.

"గోడ వెచ్చగా ఉంటే ఏంటే అర్థం?" అని అడిగింది, చెప్పులు విప్పుతూనే.

"ఏ గోడ?"

చెప్పింది. పిల్ల పెన్ను మూత నోట్లో పెట్టుకుని వింది, మధ్యలో ఆపింది.

"ఆగమ్మా. అది ఎండ తగిలే గోడ కాదు కదా? వెనక వంటిల్లూ లేదు?"

"వెనక మెట్లు. ఎండ ఎక్కణ్ణుంచొస్తుంది."

"బోర్డులో ముల్లు ఎక్కడుంటుందో చూస్తానంటావుగా. ఎంత?"

"రెండు వందల ముప్పై. పక్కది ముప్పై మూడు."

"ఆ రెండోది ఇస్త్రీ గదిదేనా?"

"కింద పేరు రాసుంది. ఆ గదిదే."

"లోపలి చివర?"

"లేబుళ్ల దానికి స్టెబిలైజరు ఉంది. అందులో నూట తొంభై ఎనిమిది. అది మంచిదా, చెడ్డదా?"

పిల్ల పుస్తకం వెనక అట్ట మీద ఒకదాని కింద ఒకటి రాసింది. రెండు వందల ముప్పైలోంచి నూట తొంభై ఎనిమిది తీసేసింది. ముప్పై రెండు.

"ఈ ముప్పై రెండు వోల్టులు బోర్డులో ఉన్నాయి, గదిలో లేవు. దారిలో పోయాయి."

"దారిలో ఎక్కడికి పోతాయే? దొంగతనమా?"

"అలాంటిదే. వైరులో పోయాయి. చూడు, దాన్ని కరెంటుతో భాగించాలి. ముప్పై రెండుని ముప్పై మూడుతో." గాబరక్క ఏడో తరగతి దాకా చదివింది, భాగహారం వచ్చు. పక్కన కూర్చుని పిల్ల వేలు వెంబడే చూసింది. "ఒకటికి కాస్త తక్కువ. తొంభై ఏడు పైసలనుకో. ఇది ఆ దారి అడ్డు. ఓములంటాం. అంత పొడవు మంచి వైరుకి పావు ఓమ్ దాటకూడదు. అంటే ఎక్కడో అతుకు వదులైంది. కరెంటు దాంట్లోంచి ఇరుక్కుని వెళ్తోంది."

"ఇరుక్కుంటే?"

"వేడి. ఎంత వేడంటే ఈ రెంటినీ గుణించాలి. ముప్పై రెండు వోల్టులు, ముప్పై మూడు ఆంపులు." పెన్ను రెండు వరసలు గీసింది, కూడింది. "వెయ్యీ యాభై ఆరు వాట్లు."

"అంటే ఎంత?"

"మీ పెట్టెల మీద ఎంత రాసుంటుంది?"

"పదకొండు వందలు."

పిల్ల తలెత్తింది. "అయితే మీ గదిలో ఎనిమిది పెట్టెలు కాదమ్మా. తొమ్మిదోది ఒకటి గోడలో ఉంది. పొద్దున్న మొదలెడితే సాయంత్రం దాకా ఆపకుండా. దానికి తోడు మీ చేతుల్లోవాటికి ఎనిమిది వందల చిల్లరే అందుతోంది. వేడెక్కట్లేదంటారుగా, అందుకే. మరి ఫ్యూజు ఎందుకు పోలేదు?"

"పోయినేడు రోజుకోసారి పోయేది. టేపు బాబాయ్ ఏదో లావు తీగ పెట్టాడు. అప్పట్నుంచి ఏ గొడవా లేదు."

"ఓరి నాయనో," అంది పిల్ల. పెన్ను కింద పెట్టేసింది.

గాబరక్క అట్ట మీది అంకెల వంకే చూస్తోంది. ఆ పెట్టెకా ఏడాదిగా అందరూ వీపులు ఆనించింది? ఆ పెట్టె మీదా తను ఏరికోరి, కొలిచి, మేకులు కొట్టి మరీ తాడు కట్టి గుడ్డలు ఆరేసింది? అన్నిటికీ భయపడింది. తడిచేత్తో స్విచ్చుకి భయపడింది, చెప్పుల్లేని కాలికి భయపడింది, వానకి భయపడింది. ఒక్క ఆ గోడకి భయపడలేదు. సుఖంగా ఉంది కాబట్టి భయపడలేదు.

"పిచ్చుక పెట్టె వదిలినా వదలకపోయినా?" అని అడిగింది.

"సంబంధమే లేదు. ఇవాళ కాకపోతే రేపు. అతుకు మార్చకుండా టేపు చుట్టారంటే మళ్లీ అంటుకుంటుంది. నువ్వు రేపు వెళ్లకమ్మా."

"నేను వెళ్లకపోతే మిగతా ఏడుగురు వెళ్లరా?"

పిల్ల అట్ట చింపి చేతికిచ్చింది. గాబరక్క తీసుకోలేదు. "నీ రాత ఉంది దీని మీద. నీ పేరు ఎక్కడా రాకూడదు. నాకు గుర్తుంటాయిలే, మూడే కదా."

పొద్దున్న పదింటికి మేనేజరు గది ముందు నిలబడింది. గోడ పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రా అమ్మా. కళ్లజోడు తెచ్చావా?"

"తెచ్చానండి. అది కాదయ్యా. పిచ్చుక తప్పు కాదండి. గోడలో అతుకు చెడిపోయింది. గోడంతా కాలుతోందండి, ఇప్పుడు కూడా. మీరొచ్చి చెయ్యి పెట్టి చూడండి."

మేనేజరు లేవలేదు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే తెలుసు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయిన చలికాలం నుంచి వెచ్చగానే..." అని ఆగిపోయింది. కానీ మాట బయటపడిపోయింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. మొహంలో కోపం లేదు. తాళంచెవి దొరికిన మనిషిలా ఉన్నాడు.

"అంటే ఏడాదిగా గోడ కాలుతోందని నీకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు."

"అందరం కూర్చునేవాళ్లం..."

"అందరి సంగతీ అడగలేదు. ఆ గుడ్డల తాడు కట్టింది ఎవరు?"

పక్క బల్ల దగ్గర గుమాస్తా రాయడం ఆపాడు. గాబరక్క మేనేజరు వేళ్లకేసి చూసింది. ఐదు వేళ్లూ ఉన్నాయి, గోళ్లు చక్కగా కత్తిరించి ఉన్నాయి.

"నేనే అయ్యా."

"ఇంకేం మరి. ఏమయ్యా, ఆ కాగితం చింపెయ్. కొత్తది రాయి. సీనియర్ కార్మికురాలు, గోడ వేడెక్కుతోందని తెలిసి కూడా యాజమాన్యానికి చెప్పకుండా, దానిమీదే గుడ్డలు ఆరేసి..."

"అయ్యా, పిచ్చుక పేరు?"

"ఆవిడ పేరు ఇంకెందుకమ్మా? నువ్వున్నావుగా."

"ఆమె తప్పు లేదని రాయండి. వైద్యం..."

"రాస్తాం. అదీ రాయవయ్యా, ఆ గాయపడిన ఆవిడ తప్పు లేదని." చెయ్యి ఊపాడు. ఎవరో ఒకరి పేరు ఉంటే చాలు ఆయనకు.

కలం గీరుతున్న చప్పుడు వింటూ నిలబడింది గాబరక్క. ఉద్యోగం పోయింది. పిల్లకి ఇక్కడ ఏడాది పనీ పోయింది. రాత్రుళ్లు పడుకుని లెక్కపెట్టుకునే భయాల్లో పై రెండూ అవే. ఇక ఆమె దగ్గర దాచుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అంకెలు మూడు మిగిలాయి.

"అయ్యా, నా తప్పు ఇంకోటి ఉందండి."

"ఏంటది?"

"రోజూ పొద్దున్న ముళ్లు చూసేదాన్నండి. చూసి కూడా చెప్పలేదు. అదీ తప్పే కదండీ? రాయండి. వరండా బోర్డులో రెండు వందల ముప్పై. ఆ పక్కన ముప్పై మూడు. గది చివర నూట తొంభై ఎనిమిది. ఇవాళ పొద్దున్న కూడా అంతే ఉన్నాయి, చూసే వచ్చాను."

గుమాస్తా మేనేజరు వంక చూశాడు. మేనేజరు నవ్వాడు.

"రాయి రాయి. వినేవాళ్లుంటే ఇంకా ఎన్ని తప్పులు ఒప్పుకుంటుందో. రోజూ చూసేదట!"

కాగితం ముందుకు జరిపారు. గాబరక్క కళ్లజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచీ చదివింది. నూట తొంభై ఎనిమిదిని నూట ఎనభై తొమ్మిదని రాశాడు గుమాస్తా. దిద్దించింది. దిద్దిన చోట పక్కన తన పొడి అక్షరాలు వేసింది. తర్వాత కింద సంతకం పెట్టింది. చేతిరాత వంకర పోయింది గాని పేరు పూర్తిగా పట్టింది.

తనిఖీ ఆయన వచ్చేదాకా వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. ఇస్త్రీ గదిలో ఆమె చోట అప్పుడే ఎవరినో నిలబెట్టారు. తలుపు సందులోంచి ఆవిరి, నవ్వులు, మళ్లీ ఆవిరి.

ఆయన పన్నెండు దాటాక వచ్చాడు. నెరిసిన మీసాలు, చంకలో అరిగిపోయిన సంచి. మేనేజరు ఎదురెళ్లి కుర్చీ వేయించి, కాగితం చేతికిచ్చి, టీకి కేక వేస్తూ లోపలికి వెళ్లాడు. ఆయన పైపైన చదువుతూ కిందికొచ్చాడు. ఒక చోట ఆగాడు. మళ్లీ పైకి వెళ్లి చదివాడు.

"నువ్వేనా ఈ సంతకం?"

"అవునండి."

"ఈ మూడు అంకెలూ నీ కళ్లతో చూసినవేనా?"

"అవునండి. అదిగో బోర్డు. ఇప్పుడు కూడా అంతే."

ఆయన లేచి బోర్డు అద్దాల దగ్గరికి వెళ్లి చూసి వచ్చాడు. కూర్చుని కాగితం వెనక్కి తిప్పాడు. జేబులోంచి పెన్ను తీసి, రెండు వందల ముప్పై వేసి, కింద నూట తొంభై ఎనిమిది వేసి, గీత గీశాడు. గాబరక్క ఆ పెన్ను కొసనే చూస్తోంది. ముప్పై రెండు. తర్వాత ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. భాగిస్తాడు, తర్వాత గుణిస్తాడు. ఎంత వస్తుందో కూడా తెలుసు. కాని ఆయన పెన్ను నెమ్మది. ఒక్కో అంకె దగ్గరా ఆలోచిస్తున్నాడు.

"అయ్యా, లెక్క తర్వాత చేసుకుందురు గాని. ముందు మెయిన్ ఆపించండి. లోపల ఎనిమిది మంది ఉన్నారు."

"ఉండమ్మా. అవుతోంది," అన్నాడు ఆయన, తలెత్తకుండా.

లోపల ఎవరో, "ఏదో వాసన వస్తోందే," అన్నారు. ఇంకెవరో, "గాబరక్క పోయింది, ఆవిడ ముక్కు నీకిచ్చి పోయిందా?" అన్నారు. నవ్వులు.

గాబరక్క లేచింది. బోర్డు దాకా నాలుగే అడుగులు. పక్కనున్న మెయిన్ ఇనప పిడిని రెండు చేతులతో పట్టుకుని, ఒంటి బరువంతా వేసి కిందికి లాగింది. ఫెడీమని చప్పుడైంది. అద్దం వెనక ముప్పై మూడు దగ్గరున్న ముల్లు సున్నాకు వచ్చి వాలింది.

"పోయిందే కరెంటు!" అని గదిలోంచి విసుగ్గా ఒక గొంతు. మేనేజరు టీ గ్లాసుతో వరండాలోకి పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు తీసింది? ఎవరు?"

పిడి వదలకుండానే గాబరక్క ఇటు తిరిగింది.

"నేనేనయ్యా. ఇది కూడా ఆ కాగితంలో రాయించండి."